కర్నూలులో జలగల చికిత్స: సేవ మంచిది, కరపత్రంలో ఒక వాక్యం మాత్రం ప్రమాదకరం

మా నాయన ఎమ్మిగనూరులో నలభై ఏళ్లు గుంట మగ్గం మీద పనిచేశారు. ఎడమ చీలమండ పైన నరాలు ఉబ్బి ఏర్పడిన పుండు ఏడాదైనా మానకపోవడంతో, సర్జన్ చెప్పిన బిగుతు కట్టును కొనసాగిస్తూనే, కర్నూలులోని ఒక ఆయుర్వేద క్లినిక్‌లో వారానికొకసారి చొప్పున నాలుగుసార్లు జలగలు పట్టించాము.

మొదటి రోజు వారు జలగను ముట్టుకోలేదు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, చక్కెర వ్యాధి ఉందా అని అడిగి, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించిన తరువాతే రమ్మన్నారు. పట్టించే ముందు జలగను పసుపు నీళ్లలో వదిలారు. ప్రతిసారీ కొత్త జలగలనే వాడారు, ఒకరికి పట్టించినది మరొకరికి పట్టించలేదు. నాయన తనకు చీమ కుట్టినంత నొప్పి కూడా లేదన్నారు. జలగ ఊడిన తరువాత రాత్రి వరకు రక్తం ఊరుతూనే ఉంది. దాని ఉమ్మిలోని హిరుడిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కనుక అది సహజమేనని ముందే చెప్పి, సాయంత్రం ఫోన్ చేసి మరీ కనుక్కున్నారు. ఈ శ్రద్ధ నాకు ఎంతో నచ్చింది. వాపు తగ్గింది, పుండు అంచులు కూడుకుంటున్నాయి; అయితే కట్టు కూడా ఉన్నందున ఆ ఘనత అంతా జలగలదే అనలేను.

నా అభ్యంతరమల్లా బల్ల మీద పెట్టిన కరపత్రం గురించే. "జలగ ఉమ్మిలోని ఎంజైములు సూక్ష్మజీవులను చంపుతాయి, కనుక యాంటీబయాటిక్ అక్కరలేదు" అని అందులో ఉంది. మొదటి సగం నిజం. వైద్యానికి వాడే జలగ ఉమ్మిలో డెస్టబిలేజ్ అనే ఎంజైము ఉంది. అది గడ్డకట్టిన రక్తంలోని ఫైబ్రిన్ పోగుల మధ్య బంధాలను విడదీయడమే కాక, 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ వెల్లడించిన లైసోజైమ్ అనే ఎంజైము లాగానే బ్యాక్టీరియా కణగోడను కూడా కోస్తుంది. వేడికి ఎంజైము శక్తి పోయిన తరువాత కూడా దానిలో సూక్ష్మజీవులను అణచే గుణం కొంత మిగులుతుందని ప్రయోగశాలల్లో తేలింది. ఒకే అణువు ఇన్ని పనులు చేయడం నిజంగా అబ్బురమే.

రెండో సగం మాత్రం తప్పు. ఆ జలగ కడుపులోనే ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా కాపురముంటుంది. దాని కణగోడకు బయట మరో పొర ఉంటుంది కనుక లైసోజైమ్ వంటి ఎంజైములు లోపలి గోడను సులువుగా చేరలేవు. ఉమ్మి దానిని చంపగలిగితే అది జలగలో బతికేదే కాదు కదా. తెగిన వేళ్లను అతికించిన తరువాత జలగలను వాడే ఆసుపత్రుల్లో ఈ బ్యాక్టీరియాకు భయపడే ముందుగా సిప్రోఫ్లోక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ ఇస్తారు. ఆంపిసిలిన్ అనే మరో యాంటీబయాటిక్ దీనిపై సాధారణంగా పనిచేయదు.

ఈ విషయం అడిగితే డాక్టరు గారు కాదనలేదు. గాయం చుట్టూ ఎరుపు, చీము, జ్వరం కనిపిస్తే వెంటనే రమ్మని అప్పుడు చెప్పారు. అడగకపోతే చెప్పేవారు కాదేమోనన్నదే నా బాధ. నాలుగో వారం వెళ్లినప్పుడు కూడా అదే కరపత్రం అదే బల్ల మీద ఉంది. చక్కెర వ్యాధి ఉన్నవారు, మానని పుండ్లు ఉన్నవారు జలగలు పట్టించుకునే ముందు యాంటీబయాటిక్ సంగతి తమంతట తామే అడగాలని కోరుతున్నాను.