పిండాన్ని వారం మోయాలా, నెల మోయాలా?

పడవ తాళ్లకు పొరలా అతుక్కునే బోట్రిల్లస్ ష్లోసెరి, బోట్రిల్లాయిడిస్ వయొలేసియస్ దగ్గరి చుట్టాలు. రెండూ కాలనీ సీ స్క్వర్ట్‌లే, అంటే ఒకదానికొకటి అతుక్కుని గుంపుగా బతికే మెత్తటి సముద్ర జీవులు. ఆ కాలనీలో ఒక్కో జీవి బతికేది కొద్ది రోజులే. పాతవన్నీ ఒకేసారి కరిగిపోతే, పక్కన మొగ్గ తొడిగినవి వాటి చోటుకొస్తాయి. మరి కడుపులో పిండముంటే?

గడువు: బోట్రిల్లస్‌కు దాదాపు వారం. బోట్రిల్లాయిడిస్‌కు నెల పైనే.

ఖర్చు: బోట్రిల్లస్ పిండానికి గుడ్డులోని సొనే ముఖ్యం. బోట్రిల్లాయిడిస్ గుడ్డు చిన్నది, పోషణంతా తర్వాత పెద్దలే అందించాలి.

రిస్క్: బోట్రిల్లస్ లార్వా (ఈదే పిల్ల) తల్లి కరిగేలోపే బయటపడాలి, అదే టెన్షన్. బోట్రిల్లాయిడిస్ పిండం సంచిలో ఉంటుంది. తల్లి కరిగిపోయినా ఆ సంచి కాలనీ మెత్తటి ఒంట్లోనే మిగులుతుంది, చుట్టూ ఉమ్మడి రక్తం పారుతూనే ఉంటుంది. కన్నది పోయినా కాలనీ సాకుతుంది! ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యమే.

ఫలితం: బోట్రిల్లస్ లార్వా చిన్నది, ముందు వైపు వేళ్లలాంటి బుడిపెలు 8. బోట్రిల్లాయిడిస్ లార్వా బాగా పెద్దది, బుడిపెలూ చాలా ఎక్కువ.

త్వరగా పిల్లల్ని వదిలి ఖాళీ చోటు పట్టాలంటే బోట్రిల్లస్ దారి నప్పుతుంది. తక్కువమందైనా గట్టి పిల్లలు కావాలంటే, కాలనీ నెలపాటు క్షేమంగా నిలిచే చోట, బోట్రిల్లాయిడిస్ దారే మేలు.