మంగళగిరికి ఏది మేలు: ఫ్యాక్టరీలా, ఐటీ టవర్లా, ఎయిమ్స్ గేటా?

విజయవాడకూ గుంటూరుకూ మధ్యలో ఉన్న ఊరు కదా, మంగళగిరికి సలహాలకు కొదవ లేదు. ఒకాయన ఇండస్ట్రియల్ పార్క్ అంటాడు, ఇంకొకాయన ఐటీ అంటాడు. ప్లాట్లు అమ్మేవాళ్లకు ఏదైనా ఒకటే, బ్రోషర్ మీద బొమ్మ మారుతుంది అంతే. నేను చూసే లెక్క ఒక్కటే: బయటి నుంచి వచ్చిన రూపాయి ఊరు దాటేలోపు ఎన్ని చేతులు మారుతుంది?

ఫ్యాక్టరీల దారి ఎలా ఉంటుందో పటాన్‌చెరు ఎప్పుడో చూపించింది. హైదరాబాద్ శివారు, ముంబై హైవే, పక్కనే బీహెచ్ఈఎల్. 1970లలో పారిశ్రామికవాడ మొదలైంది. ఉద్యోగాలొచ్చాయి, కాదనలేం. పల్లెల నుంచి వచ్చి షిఫ్టుల్లో చేరి పిల్లల్ని చదివించుకున్నవాళ్లు బోలెడంతమంది. కానీ మందుల కంపెనీల వ్యర్థజలం నక్కవాగులో కలిసింది. బోర్లు పాడయ్యాయి, పొలాలు బీడుపడ్డాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉమ్మడి శుద్ధి ప్లాంటు 1994లో వచ్చింది. అదీ చాలక ఆ నీటిని పైపులైన్లో హైదరాబాద్‌లోని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం దాకా పంపాల్సి వచ్చింది. ముందు ఫ్యాక్టరీ, తర్వాత డ్రైనేజీ అన్నమాట. కృష్ణ ఒడ్డున, కాలువల నేల మీద ఆ వరుస అసలు కుదరదు. బట్టలు కుట్టే యూనిట్ల లాంటివైతే సరే, రసాయనాలు మాత్రం వద్దు.

పన్నుల సంగతి ఎవరూ ఎత్తరు. పారిశ్రామికవాడల్లో ఆస్తి పన్ను వసూలు చేసేది ఐలా, అంటే ఆ వాడకు విడిగా ఉండే అథారిటీ, మున్సిపాలిటీ కాదు. వసూలైనదాంట్లో స్థానిక సంస్థకు చేరేది కొంత భాగమే. జీఎస్టీ ఎలాగూ కేంద్రానికీ రాష్ట్రానికీ పోతుంది. లారీలు తిరిగి పడిన గుంతలు మాత్రం ఊరికి మిగులుతాయి.

ఐటీ అనగానే అందరూ మాదాపూర్ చూపిస్తారు. 1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి చుట్టూ రాళ్లగుట్టలే. తర్వాతి కథ తెలిసిందే. అయితే టవర్ల వెనక హైదరాబాద్ అనే మహానగరం ఉంది. రాజధాని, కాలేజీలు, దశాబ్దాల ప్రభుత్వరంగ సంస్థలు ఉన్నాయి. మన ఇంజినీరింగ్ పిల్లలేమో ఇప్పటికీ బెంగళూరు బస్సు ఎక్కుతున్నారు. ఒక టవర్ కట్టి కంపెనీల కోసం కూర్చుంటే కింద కాఫీ షాపు కూడా నిలబడదు. ఇంకో మాట, అక్కడ శేరిలింగంపల్లి అనే మున్సిపాలిటీ ఉండేదని ఎంతమందికి గుర్తుంది? 2007లో జీహెచ్ఎంసీలో కలిసిపోయింది. అమరావతి నిలదొక్కుకుంటే ఐటీ దానంతట అదే ఇటు జరుగుతుంది. దాని కోసం ఇప్పుడే తల తాకట్టు పెట్టక్కర్లేదు.

ఇక ఎయిమ్స్. 2015 డిసెంబరులో శంకుస్థాపన, 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితం. పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే ఊరి ఆర్థికశాస్త్రం మొత్తం కనిపిస్తుంది. ఓపీ చీటీ పది రూపాయలు. పల్నాడు నుంచో ప్రకాశం నుంచో మొదటి బస్సుకు దిగిన మనిషి, చంకలో పాత రిపోర్టుల కవరు, వెంట ఒకరో ఇద్దరో. పది రూపాయల చీటీ కోసం వచ్చినా ఆటోకి, ఇడ్లీకి, జిరాక్స్‌కి, మందులకి ఇవ్వక తప్పదు. స్కాన్ రేపటికి వాయిదా పడితే రూముకి కూడా. ఆ డబ్బంతా ఈ ఊరివాళ్ల చేతుల్లోనే తిరుగుతుంది. పైగా నర్సులు, డాక్టర్లు, విద్యార్థులు ఇళ్లు అద్దెకు తీసుకుంటారు, కూరగాయలు కొంటారు. 2021లో తాడేపల్లిని కలుపుకొని కార్పొరేషన్ అయిన ఊరు దీనికి చేయాల్సినవి చాలా చిన్నవి: చవక రూములు, రాత్రి తలదాచుకునే షెడ్డు, శుభ్రమైన టాయిలెట్లు, నీడ ఉన్న బస్టాపు. రిబ్బన్ కత్తిరించడానికి పెద్దగా ఏమీ ఉండదు, బహుశా అందుకే ఎవరికీ ఆసక్తి లేదు.

రెండో స్థానం నేను మగ్గానికి ఇస్తాను, కళ్లు మూసుకుని కాదు. మంగళగిరి నేత అంటే నేలలో గుంట తవ్వి అమర్చే గుంట మగ్గం, నిజాం అంచు అనే జరీ అంచు, ఒంటి మీద బుటా లేని సాదా నేత. పేరుంది, భౌగోళిక గుర్తింపు ఉంది. చేతికందే కూలీ మాత్రం చాలదు. నేతగాడి కొడుకు ఆటో కొనుక్కుంటున్నాడంటే తప్పు వాడిది కాదు. కాబట్టి మగ్గం ఒక్కటే ఊరిని మోయలేదు. కానీ ఆసుపత్రికి వచ్చినవాళ్లు, కొండెక్కి స్వామికి పానకం పోసి దిగినవాళ్లు, వీళ్లంతా కొనుగోలుదార్లే. ఊళ్లో పవర్‌లూమ్ నకలు కాకుండా అసలు చీర నమ్మకంగా దొరికే నాలుగు దుకాణాలు చాలు, ఆ డబ్బు నేతగాడి వీధికి చేరుతుంది.

నేతగాళ్లను అడిగితే కోరేది ఇంకా చిన్నది. వానాకాలంలో గుంటలోకి చెమ్మ ఊరి మగ్గం ఆగిపోతుంది. ఊరి మొదట్లో ఒక స్వాగత ద్వారం కట్టే డబ్బుతో ఎన్ని మగ్గం గుంటలకు సిమెంటు చేయించవచ్చో కార్పొరేషన్ ఇంజినీరునే అడగండి.