ఛాతీలో వీఎన్‌ఎస్ ఉన్నవాళ్లకి సీపాప్ మాస్క్: రెస్‌మెడ్ ఎయిర్‌ఫిట్ పి10

మా ఆయనకి ఫిట్స్ మందులతో తగ్గక ఎడమ ఛాతీలో వీఎన్‌ఎస్ (మెడలోని వేగస్ నరానికి కొద్దికొద్దిగా కరెంటు ఇచ్చే పరికరం) పెట్టారు, తర్వాత స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) కూడా ఉందని తేలింది. ఈ రెండూ కలిసి ఉన్న ఇంట్లో సీపాప్ (నిద్రలో మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషిన్) మాస్క్ కొనడం గురించి తెలుగులో నాకేమీ దొరకలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

పి10లో అయస్కాంతాలు లేవు. మేం దీన్ని తీసుకున్నది అందుకే. ఇదే కంపెనీ ఎఫ్20 లాంటి వాటిలో పట్టీల క్లిప్పులు అయస్కాంతంతో అతుక్కుంటాయి. వీఎన్‌ఎస్ ఏమో అయస్కాంతానికి స్పందించేలా తయారైన పరికరం: ఫిట్స్ వస్తున్నట్టుంటే మ్యాగ్నెట్‌ని దాని మీదుగా ఒకసారి తిప్పితే అదనంగా కరెంటు ఇస్తుంది, అక్కడే పట్టుకుని ఉంచితే ఆగిపోతుంది. మరి నిద్రమత్తులో మాస్క్ లాగేసి గుండెల మీద పెట్టుకుని పడుకుంటే? ఫిలిప్స్ 2022లో, రెస్‌మెడ్ 2023లో ఈ క్లిప్పుల మీద హెచ్చరికలు ఇచ్చాయి, ఒంట్లో ఇలాంటి పరికరం ఉంటే కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలని. మాస్క్ మీది, పరికరం పక్కన పడుకునేవాళ్లది అయినా అంతే. మేం వెళ్లిన షాపతను మాత్రం ఏమీ అడక్కుండా "అందరూ ఇదే తీసుకుంటారమ్మా" అంటూ అయస్కాంతాలున్నదే చేతిలో పెట్టాడు. చాలా కోపమొచ్చింది.

మాస్క్ చాలా తేలిక, ముక్కు రంధ్రాల దగ్గర ఆనుకునే మెత్తటి పిల్లోస్ మూడు సైజుల్లో వస్తాయి, మూడూ పెట్టి చూసుకోండి. నోటిని మూయదు, ఒక్క చేత్తో లాగేయొచ్చు. ఫిట్స్‌లో వాంతయ్యే మనిషికి ఇది చిన్న విషయం కాదు. నోరు తెరిచి పడుకునేవాళ్లకి మాత్రం ఏ పిల్లోస్ మాస్కయినా గాలి నోట్లోంచి పోతుంది, డాక్టర్‌ని అడిగి తీసుకోండి.

అయితే మాస్క్ ఒక్కదానితో పని అయిపోలేదు. వీఎన్‌ఎస్ మామూలుగా అయిదు నిమిషాలకోసారి 30 సెకన్లు పనిచేస్తుంది, ఆ కరెంటుకి గొంతు కండరాలు కూడా బిగుస్తాయి కాబట్టి కొందరికి సరిగ్గా ఆ సమయంలోనే ఊపిరి తగ్గుతుంది. మా ఆయన మెషిన్ రిపోర్టులో ఊపిరి ఆగడాలు గడియారం పెట్టినట్టు ఒకే ఎడంతో కనిపించాయి, ప్రెషర్ పెంచినా పోలేదు. న్యూరాలజిస్టు వీఎన్‌ఎస్ ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఎన్నిసార్లు కరెంటు కొడుతుందో) తగ్గించి, మధ్యలో ఆగే సమయం పెంచాకే తగ్గాయి. సెంటివా అనే కొత్త వీఎన్‌ఎస్ మోడల్‌లో రాత్రికి వేరే సెట్టింగ్ పెట్టే వీలుంది, మీది అదేనేమో కనుక్కోండి. నిద్ర చెడితే ఫిట్స్ పెరుగుతాయి, అలాగని మీ అంతట మీరు మ్యాగ్నెట్ కట్టుకుని రాత్రంతా ఆపేయకండి.

స్లీప్ డాక్టర్, న్యూరాలజిస్టు ఇద్దరికీ ఒకే రిపోర్టు చూపించండి. షాపుకి వెళ్లేటప్పుడు వీఎన్‌ఎస్ కార్డు వెంట ఉంచుకుని, డబ్బు కట్టేముందు క్లిప్పులు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయేమో మీరే చేత్తో పట్టుకుని చూడండి.