విభాగాలవారీనా, క్లస్టర్లవారీనా? రైతు ఉత్పత్తిదారుల సంస్థకు ఏది మేలు?

రైతులు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవాలంటే కనీసం 10 మంది ఉండాలనీ, డైరెక్టర్లు 5 నుంచి 15 మంది వరకు ఉండవచ్చుననీ చట్టం చెబుతుంది గాని, నియమించుకున్న డజను మంది సిబ్బందిలో ఎవరు ఎవరితో మాట్లాడి పని నడపాలన్నది మాత్రం ఆ కంపెనీయే తేల్చుకోవాలి. వేరుశనగ, చీనీ (బత్తాయి) కొని అమ్మే అనంతపురం సంస్థల ముందు సాధారణంగా రెండు దారులుంటాయి.

మొదటిది విభాగాల పద్ధతి. విత్తనాలు, ఎరువులు ఒకరు, కొనుగోలు ఒకరు, అమ్మకాలు ఒకరు, లెక్కలు ఒకరు చూస్తారు. ఎవరి పనిలో వారికి నైపుణ్యం పెరుగుతుంది. కాటా వేసినవారే డబ్బు చెల్లించరు కాబట్టి అవకతవకలకు చోటు తక్కువ. చిక్కల్లా కబురు చేరడంలోనే ఉంది. కళ్యాణదుర్గం వైపు ఒక సంస్థలో నేను రెండు సీజన్లు లెక్కలు చూశాను. బుడ్డల్లో (మా వైపు వేరుశనగను అలాగే అంటాము) తేమ 8 శాతం దాటితే నిల్వలో బూజు భయం ఉంటుంది. ఒక లోడులో 11 శాతం తేలిందని నూనె మిల్లు తిప్పి పంపింది. అమ్మకాల ఉద్యోగికి ఆ సాయంత్రమే తెలిసింది. పక్క విభాగం తప్పు తాను ఎత్తి చూపడం మర్యాద కాదనుకుని, ఆయన సీఈఓకు మాత్రమే చెప్పాడు. బ్యాంకు పనులమీద తిరుగుతున్న సీఈఓ ద్వారా ఆ మాట కొనుగోలు ఉద్యోగికి చేరడానికి 9 రోజులు పట్టింది. అన్నాళ్లూ ఆయన పాడైన తేమ మీటరుతోనే కొంటూ పోయాడు. వారిద్దరి బల్లలూ ఒకే గదిలో ఉండేవి.

రెండోది క్లస్టర్ల పద్ధతి, అంటే పనిని బట్టి కాక ప్రాంతాన్ని బట్టి సిబ్బందిని పంచడం: గార్లదిన్నె, నార్పల, కూడేరు, శింగనమల మండలాల పేర నాలుగు జట్లు, జట్టుకు ముగ్గురు. తమ మండలంలో కొనుగోలు, అమ్మకం అన్నీ ఆ జట్టే చూసుకుంటుంది. పన్నెండు మంది అందరితో అందరూ మాట్లాడుకోవాలంటే 66 జతలవుతాయి. ఈ పద్ధతిలో జట్ల లోపల 12, జట్టు పెద్దల మధ్య 6, మొత్తం 18 చాలు. మీటరు చెడితే ఆ పూటే తెలుస్తుంది. అయితే ఒకే రోజు రెండు మండలాల్లో చీనీకి రెండు ధరలు పలికితే, గంట తిరగకుండానే రైతులకు ఫోన్లలో తెలిసిపోతుంది. ఆపై సంస్థ మాటకు విలువ ఉండదు.

నా ఓటు క్లస్టర్లకే, కాకపోతే ధర నిర్ణయం, చెల్లింపులు రెండూ కార్యాలయం చేతిలోనే ఉండాలి. సిబ్బంది ఐదారుగురే ఉన్నచోట విభాగాల పద్ధతే చాలు. అక్కడ ఫ్రెంచి గని ఇంజనీరు ఆన్రీ ఫాయోల్ 1916లో ప్రతిపాదించిన 'వంతెన'ను కలుపుకోవాలి. సమాన హోదా గల ఇద్దరు, పై అధికారుల అనుమతితో, నేరుగా మాట్లాడుకుని పని ముగించి, జరిగినదాన్ని పైకి తెలియజేయడమే ఆ వంతెన.

మా సంస్థలో తరువాత తేమ రిజిస్టరులో 'మిల్లు మాట' అని ఒక గడి చేర్చారు. మిల్లు నుంచి ఫోను వచ్చిన పూటే అమ్మకాల ఉద్యోగి దాన్ని స్వయంగా నింపాలి; సీఈఓ సంతకం మరునాడు పడినా ఫరవాలేదు.