చెరువు డీఓ షీటులో మధ్య గీత: కొన్ని పంటలు వాడాక

స్ప్రెడ్‌షీటులో నాకు బాగా ఇష్టమైన గీత ఏ మెనూలోనూ దొరకదు. రోజూ పైకి లేచే కొసకీ కిందికి దిగే కొసకీ సరిగ్గా నడిమధ్యన నడిచే గీత అది. సొంతంగా కట్టుకోవాల్సిందే. లిబ్రేఆఫీస్ కాల్క్ అనే స్ప్రెడ్‌షీటు ప్రోగ్రాంలో కట్టుకుని కొన్ని పంటలుగా వాడుతున్నాను. రొయ్యల చెరువు లెక్క కాబట్టి నా మాటలు ఆ మేరకే తీసుకోండి.

భీమవరం పక్కన మా బాబాయికి వనామీ రకం రొయ్యల చెరువులున్నాయి. నీళ్లలో దించిన మీటరు అరగంటకోసారి డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, రీడింగు రాసిపెడుతుంది, వారానికోసారి ఆ ఫైలు నా దగ్గరికొస్తుంది. ఎండ ఉన్నంతసేపు ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే కంటికానని నాచు, ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి మధ్యాహ్నం మూడింటికి అటూఇటుగా పైకొస వస్తుంది. రాత్రంతా రొయ్య, ప్లాంక్టన్, అడుగు బురద కలిసి దాన్ని వాడేస్తాయి కాబట్టి తెల్లవారుజామున కింది కొస. గ్రాఫ్ గీస్తే రంపపు పళ్లలా ఉంటుంది. అందులో చెరువు బాగుపడుతోందో పాడవుతోందో కంటికి ఆనదు.

కాల్క్‌లో సగటు గీత రెడీమేడ్‌గానే ఉంది. గ్రాఫ్‌లో సిరీస్ మీద రైట్ క్లిక్ చేసి పెట్టుకోవచ్చు. మొదట్లో తెగ మెచ్చుకున్నాను, ఒక్క నొక్కుతో పని అయిపోతుందని. అది మొత్తం డేటాకి ఒకే సగటు, అడ్డంగా ఒకే గీత. పంట మొదట్లో నీళ్లు తేటగా ఉన్న రోజులూ, చివర్లో చిక్కటి పచ్చరంగు తిరిగిన రోజులూ అన్నీ ఒకే అంకెలో కలిసిపోతాయి. ఇవాళ్టి రీడింగు పంట మొత్తం సగటుకి పైనుందా కిందుందా అన్నది తెలుస్తుంది, అంతవరకే. ట్రెండ్ లైన్లలో ఉన్న మూవింగ్ యావరేజ్ దీనికన్నా నయం. అరగంట రీడింగులకి పీరియడ్ 48 ఇస్తే రోజువారీ ఎగుడుదిగుళ్లు చదునైపోతాయి. మామూలుగా అది వెనక రీడింగుల సగటు కాబట్టి గీత సుమారు సగం రోజు ఆలస్యంగా నడుస్తుంది, సెంట్రల్ రకం పెట్టుకుంటే ఆ బాధ పోతుంది. కాకపోతే ఆ గీత విలువలు గ్రాఫ్‌లోనే ఉంటాయి, గడుల్లోకి రావు. వాటితో ఇంకో లెక్క చెయ్యాలంటే మళ్లీ ఫార్ములాలే దిక్కు.

సగటూ మధ్యా ఒకటే కదా, ఎందుకింత గొడవ అని అడిగేవాళ్లున్నారు. రోజుకి రెండే రీడింగులు, పొద్దునొకటీ మధ్యాహ్నమొకటీ రాసుకునేవాళ్లకి నిజంగానే ఒకటే. అరగంట రీడింగులుంటే కాదు. పైకొస దగ్గర నీళ్లు కాసేపే ఉంటాయి, దిగుడు మాత్రం రాత్రి పొడుగునా సాగుతుంది. సముద్రపు పోటుపాట్ల లెక్కలోనూ ఇదే తేడా ఉంది. పోటు మట్టాల సగటూ పాటు మట్టాల సగటూ తీసి, రెండింటినీ కలిపి సగం చేస్తే వచ్చేదొకటి. గంటగంటకీ కొలిచిన మట్టాలన్నిటి సగటు ఇంకొకటి. రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయేగానీ ఒకటి కావు. గరిష్ఠం, కనిష్ఠం కలిపి సగం చేసి దాన్నే రోజు సగటు ఉష్ణోగ్రత అనడం కూడా వాతావరణ లెక్కల్లో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. నాకు కావాల్సింది కొసల లెక్క. చెరువులో ఏదైనా జరిగేది కొసల దగ్గరే.

ఇక కట్టుకునే తీరు. పక్క రీడింగుల కన్నా ఎక్కువుంటే శిఖరం అనే చిన్న ఫార్ములా చెరువు డేటాకి పనికిరాదు. మబ్బు ఒకటి సూర్యుడి మీదుగా పోయినా, నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్ ఆపి మళ్లీ వేసినా ఓ బుడిపె లేస్తుంది, షీటు దాన్నీ శిఖరమే అంటుంది. పైన పన్నెండు గడులూ కింద పన్నెండు గడులూ కలిపి చూసి, వాటిలోకెల్లా పెద్దదైతేనే శిఖరం అనాలి. అంటే ఇటు ఆరు గంటలు, అటు ఆరు గంటలు. శిఖరం కానిచోట సున్నా పెట్టకూడదు, ఎన్‌ఏ, అంటే విలువ లేదని చెప్పే ఫంక్షన్, పెట్టాలి. సున్నా పెడితే గీత ప్రతిసారీ నేలకి దిగి లేస్తుంది. ఎన్‌ఏ పెడితే ఆ గడిని ఖాళీగానే చూస్తుంది. ఖాళీల మీదుగా గీత కలుపుకుంటూ పొమ్మని గ్రాఫ్ ఆప్షన్లలో చెప్పుకోవచ్చు.

చెరువుకైతే రోజులవారీ లెక్క ఇంకా తేలిక. మ్యాక్స్‌ఇఫ్స్‌తో రోజు గరిష్ఠం, మిన్‌ఇఫ్స్‌తో కనిష్ఠం, రెండూ కలిపి సగం. ఇక్కడో మెలిక ఉంది. క్యాలెండర్ రోజు అర్ధరాత్రి తెగుతుంది. మబ్బు రోజుల్లో రాత్రి పదకొండున్నరకే ఆక్సిజన్ ఆనాటి తెల్లవారుజాము కన్నా కిందికి దిగిపోతుంది. అప్పుడు షీటు ఆ పదకొండున్నర రీడింగునే కింది కొస అనుకుంటుంది. అది కొస కాదు, సగం దారి. అసలు కొస మర్నాటి ఖాతాలో పడుతుంది, అంటే ఒకే రాత్రి రెండు రోజుల్లో లెక్కకొస్తుంది. అందుకని రోజుని మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండుకి కత్తిరించాలి. స్ప్రెడ్‌షీటుకి ఒక రోజంటే 1 కాబట్టి, తేదీ, సమయం ఉన్న గడిలోంచి 0.5 తీసేసి, దశాంశాన్ని కోసేసే ఇంట్ ఫంక్షన్‌లో వేస్తే చాలు. ఆ మధ్యాహ్నం శిఖరమూ, దాని వెనకే వచ్చే తెల్లవారుజామూ ఒకే జంటగా వస్తాయి. ఈ ఒక్క వరుసే నా షీటుకి ప్రాణం.

దీని విలువ తెలిసింది ఒక వాయుగుండం వారంలో. మూడు రోజులు ఎండ మొహం లేదు. తెల్లవారుజాము రీడింగులు 4.6, 4.5, 4.3. బాబాయి చూసేది అవే.

"నాలుగు పైనే ఉంది కదరా, ఇంక నీకెందుకు కంగారు?"

"తెల్లారగట్ల అంకె కాదు బాబాయ్, మధ్యాహ్నంది చూడు."

పైకొస 9 నుంచి 7.4కి, అక్కణ్నుంచి 6కి పడింది. మధ్య గీత 6.8, 5.95, 5.15. కింది కొసని చూస్తే ఏమీ జరగనట్టే ఉంది, మధ్య గీత చూస్తే మెట్లు దిగుతున్నట్టుంది. పొద్దుటి అంకెని నిలబెట్టింది ఏరేటర్లు, చెరువు కాదు. చెరువు సొంతంగా పగలు పోగుచేసుకునే నిల్వ తరిగిపోతోంది. ఆ పరిస్థితిలో కరెంటు పోతే ఆక్సిజన్ మామూలు రాత్రి కన్నా తొందరగా అడుక్కి చేరుతుంది. బాబాయి కాసేపు సణిగి, సాయంత్రం మేత తగ్గించాడు, జనరేటర్‌కి డీజిల్ తెప్పించి గట్టు మీద పెట్టించాడు. ఆ రాత్రి కరెంటు పోనే పోయింది. జనరేటర్ వెంటనే వేశారు. తెల్లారేసరికి 3.4. రొయ్య పైకి తేలలేదు, రొయ్య ఎంత తిన్నదో చూసుకునే చెక్ ట్రేలో మేత కాస్త మిగిలిందంతే. గీత లేకపోయినా డీజిల్ తెప్పించేవాడా అంటే, వాయుగుండం అన్నాక తెప్పించేవాడేమో. కానీ మేత తగ్గించడం మాత్రం ఆ గ్రాఫ్ వల్లే.

ఆ వారం తర్వాత ఈ గీతని ఊరంతా పొగిడాను. తర్వాతి పంటలో కొంచెం తగ్గాను. నీళ్లు బాగా చిక్కబడితే పైకొస ఇంకా పైకి పోతుంది, కింది కొస ఇంకా కిందికి పోతుంది. మధ్య గీత మాత్రం కదలదు. 9కీ 5కీ మధ్య 7, 11కీ 3కీ మధ్య కూడా 7. మొదటిది హాయిగా ఉన్న చెరువు, రెండోది రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వని చెరువు. అందుకని ఇప్పుడు మధ్య గీత ఒక్కటే గీయను. కింది కొసల గీత ఎర్రగా, లావుగా గీసి, పక్కన రెండు కొసల తేడాకి ఇంకో వరుస పెట్టాను.

మీటరు సంగతి కూడా చూసుకోవాలి. నీళ్లలో మునిగి ఉండే దాని ప్రోబ్ మీద మురికి పొర పట్టిందంటే రీడింగు రోజురోజుకీ తక్కువ చూపించొచ్చు, అప్పుడు మధ్య గీత నెమ్మదిగా దిగుతుంది, అచ్చం మబ్బు వారంలో దిగినట్టే. ప్రోబ్ తుడిచిన రోజు ఒక్కసారిగా ఎగురుతుంది. షీటు ఈ రెంటినీ విడదీయలేదు. తుడిచిన తేదీలు రాసుకునే వరుస లేకుండా ఈ గీతని నమ్మొద్దు. ఇంకోటి, చివరి రోజుకి జంట పూర్తి కాదు కాబట్టి ఇవాళ్టి మధ్య గీత రేపు పొద్దునకి గానీ రాదు. రాత్రి తీసుకోవాల్సిన నిర్ణయానికి ఇది అక్కరకు రాదు, రెండు మూడు రోజుల వాలు చూడ్డానికి మాత్రం బాగుంటుంది.

రోజుకి రెండు రీడింగులు చేత్తో రాసుకునేవాళ్లకి ఇంత షీటు అక్కర్లేదు, కూడి సగం చేస్తే అదే మధ్య. మాకు అరగంట రీడింగులున్నాయి, ఫైలు ముందేసుకుని కూర్చునే నేనున్నాను, కాబట్టి నడుస్తోంది. బాబాయి ఇప్పటికీ ఫోన్లో ముందు అడిగేది తెల్లారగట్ల అంకే. ఆ తర్వాత "మధ్యది ఎంతుందిరా" అంటాడు. మబ్బు పట్టిన రోజుల్లోనే సుమా, ఎండ కాస్తే అదీ అడగడు.