చవక మిషన్ మీద బొంతలు: నా గొడవంతా ఆ బాబిన్ కేసుతోనే

పాలు, కూరగాయలు కొన్న బండిలోనే వేసుకుని తెచ్చుకునే పెద్ద స్టోర్ కుట్టు మిషన్ బొంతలకి ఆగుతుందా అని తెలిసినవాళ్లు తరచూ అడుగుతుంటారు. ఆగుతుంది. కాకపోతే దాని కడుపులో ఒక నల్ల ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, అడుగు దారం చుట్టిన బాబిన్ కూర్చునే కేసు అది. దాని సంగతి డబ్బా మీద ఎక్కడా రాయరు, అమ్మేవాళ్లూ చెప్పరు. నేను రాసేది ముఖ్యంగా ఆ ముక్క గురించే.

ఎన్ని రకాల కుట్లు, నిమిషానికి ఎన్ని, ఏ రంగు, ఇవన్నీ డబ్బా చూస్తే తెలిసిపోతాయి కాబట్టి వదిలేస్తున్నాను. నాది నూటయాభై డాలర్ల లోపు మిషన్. తెర, మీటలు ఏమీ లేవు, గుండ్రటి నాబ్ తిప్పి కుట్టు మార్చుకోవాలి. కంపెనీ పేరు చెప్పను. ఈ ధరలో వచ్చే వాటిలో చాలావాటికి లోపలి అమరిక ఇంచుమించు ఇదే, పేరు తెలిసి మీకు ఒరిగేదేమీ లేదు.

మేముండేది హ్యూస్టన్ పక్కన కేటీలో. ఈ ఎండల ఊళ్లో బొంతలెందుకు అనుకోకండి, ఇంట్లో ఏసీ అలా ఉంటుంది మరి. అమ్మ కట్టి కట్టి మెత్తబడిన వెంకటగిరి, మంగళగిరి నూలు చీరలు నాకు సరుకు. పైన ముక్కలు అతికిన పొర, మధ్యలో పల్చటి కాటన్ బ్యాటింగ్ (దుప్పటిలా పరిచే దూది పొర), అడుగున ఒక నిండు చీర. చీర పన్నా నలభై అయిదు అంగుళాలకి అటూ ఇటూ ఉంటుంది కాబట్టి పెద్ద బొంతకి అడుగున ఒక అతుకు తప్పదు.

మిషన్ తెచ్చిన కొత్తలో నన్ను కట్టిపడేసింది బాబినే. పైనుంచి వేసేస్తే చాలు. పైన గాజులాంటి ప్లాస్టిక్ మూత, దారం ఎంత మిగిలిందో కళ్ల ముందే కనిపిస్తుంది. తొక్కుడు మిషన్ మీద కుట్టినవాళ్లకే ఈ సుఖం విలువ తెలుస్తుంది. అక్కడ బాబిన్ ఎప్పుడు ఖాళీ అయిందో తెలియదు, మూరెడు దూరం ఉత్త సూదితో కుట్టేసి, బట్ట ఎత్తి చూస్తే కింద కుట్టే ఉండదు. ఈ ఒక్క సౌకర్యం చూపించి ఇద్దరు ముగ్గురి చేత ఇదే మిషన్ కొనిపించాను. ఆ మెచ్చుకోలు ఇప్పటికీ వెనక్కి తీసుకోను గానీ, దానికి ఒక షరతు చేర్చాల్సి వచ్చింది.

ముక్కలు అతికే వరకు ఈ మిషన్‌కి వంక పెట్టలేం. పావు అంగుళం అంచు పెట్టి రెండు పొరలు తిన్నగా కుట్టడానికి వెయ్యి డాలర్ల మిషనూ ఇదీ ఒకటే. పొత్తిళ్ల బొంతలు, ఒళ్లో కప్పుకునే చిన్నవి కూడా హాయిగా కుట్టాను. కథంతా మా పెద్దమ్మాయి మంచానికి క్వీన్ సైజు బొంత మొదలుపెట్టాక వచ్చింది.

పెద్ద బొంత అనగానే అందరూ సూదికీ మిషన్ స్తంభానికీ మధ్య జాగా గురించి మాట్లాడతారు. నా మిషన్‌లో అది ఆరంగుళాలు. సగం బొంతని చుట్టగా చుట్టి అందులోంచి దూర్చాలి. కష్టమే గానీ అలవాటవుతుంది. అసలు చిక్కు కుడివైపు చుట్టతో కాదు, ఎడమవైపు బల్ల దిగి వేలాడే సగంతో. ఆ బరువు బొంతని పక్కకి లాగుతుంది, దిగబోతున్న సూది కూడా దాంతో పాటు వెంట్రుకవాసి వంగుతుంది. సూది విరిగిపోతే నయం, కనీసం తెలుస్తుంది. నా సూది విరగలేదు. 'టక్' మని ఒక్క చప్పుడు వచ్చింది, మళ్లీ మామూలుగా పరిగెత్తింది. నేనూ పట్టించుకోలేదు, పిల్లల్ని కరాటే క్లాసుకి దింపే టైమైంది.

మర్నాటి నుంచి జానెడు కుట్టగానే ఆగడం. బొంత తిప్పి చూస్తే అడుగున దారమంతా కాకి గూడు. కత్తిరించి, లాగి, మళ్లీ మొదలుపెడితే మళ్లీ జానెడు. ఇలాంటప్పుడు ఎవరైనా చేసేవన్నీ చేశాను. సూది మార్చాను. బొంతలకి వాడే 90/14 సైజు క్విల్టింగ్ సూదే, కొత్తది. పై దారం తీసి, బట్టని నొక్కిపట్టే ఫుట్ పైకెత్తి మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను. ఫుట్ దించి ఎక్కిస్తే దారం దాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకి దిగదు, ఆ తప్పుకి కూడా గూళ్లు ఇలాగే పడతాయి. సూది కింద ఉండే రేకు విప్పి బట్టని లాగే పళ్ల సందుల్లోంచి బ్యాటింగ్ నూగు తీశాను, అట్టకట్టి వచ్చింది. టెన్షన్ నాబ్ మూడులో, నాలుగులో, అయిదులో పెట్టి చూశాను. టెన్షన్ దానికో నాకో అర్థం కాలేదు.

అప్పుడు మా అత్తయ్య ఇక్కడే ఉన్నారు. వంటింట్లోంచే తీర్పు ఇచ్చేశారు.

"నూనె వెయ్యవే అమ్మాయ్. ఎన్నాళ్లయింది వేసి?"

"దీనికి నూనె అక్కర్లేదట అత్తయ్యా, పుస్తకంలో రాశాడు."

"నూనె అక్కర్లేని మిషన్ ఏంటి! అందుకే బొమ్మలా ఉంది."

ఆవిడ ఊళ్లో ఉషా మిషన్ మీద వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టిన మనిషి. కాదనడానికి నోరు రాలేదు గానీ నూనె మాత్రం వెయ్యలేదు.

రిపేరు షాపుకి తీసుకెళ్తే, విప్పి చూడ్డానికే వంద డాలర్లు అన్నాడు, పార్టులు వేరేనట. "దీనికి అంత పెట్టే బదులు కొత్తది కొనుక్కోండి" అని మిషన్ కేసి జాలిగా చూశాడు. చవక మిషన్‌తో వచ్చే అసలు అవమానం ఇదే. అది పాడైందని కాదు, బాగు చెయ్యడానికి తగదని అనిపించుకోవడం. బండిలో పెట్టుకుని తిరిగొచ్చేశాను.

ఆ రాత్రి రేకు మళ్లీ విప్పి, బాబిన్ కూర్చునే నల్ల ప్లాస్టిక్ కేసు బయటికి తీశాను. చేత్తోనే వచ్చేస్తుంది. దీపం కింద తిప్పి చూస్తే ఏమీ కనపడలేదు. చెవిలో పెట్టుకునే దూది పుల్ల తీసుకుని అంచు చుట్టూ మెల్లగా రాశాను. సగం దూరం నున్నగా జారింది. ఒకచోట దూది పోగు చిక్కుకుని నిలబడిపోయింది. అక్కడ గోరుతో తడిమితే తగిలింది, సూది మొన గుచ్చిన చిన్న గీటు, దాని ఒడ్డున లేచిన ప్లాస్టిక్ ముల్లు. వెంట్రుకంత లేదు.

అంత చిన్న ముల్లు ఇంత పని చేస్తుందా అంటే, చేస్తుంది. సూది కిందికి దిగాక ఒక కొక్కెం పై దారాన్ని పట్టుకుని బాబిన్ కేసు చుట్టూ తిప్పుతుంది, అప్పుడే పై దారం అడుగు దారంతో ముడిపడి కుట్టవుతుంది. అంటే ప్రతి కుట్టుకీ పై దారం ఆ ప్లాస్టిక్ అంచుని ఒరుసుకుంటూ పోవాల్సిందే. దారిలో ముల్లుంటే అక్కడ తట్టుకుంటుంది, వదిలించుకునేలోపు రెండో కుట్టు దారం వచ్చి పడుతుంది, గూడు కట్టేస్తుంది. టెన్షన్ నాబ్ ఎంత తిప్పినా ముల్లు అరగదు కదా. బాబిన్ ముందువైపు నుంచి వేసే పాతకాలపు మిషన్లలో ఈ కేసు లోహంతో ఉంటుంది. సూది తగిలితే దానికీ గరుకు లేస్తుంది గానీ ఇంత సులువుగా లేవదు. కళ్లకి కనిపించే మూత, సులువుగా దిగే బాబిన్ అని నేను మురిసిపోయిన అమరిక ఖరీదు ఈ మెత్తటి ప్లాస్టిక్కే.

గోళ్లకి మెరుపు పెట్టుకునే నున్నటి బ్లాకుతో ఆ ముల్లుని రుద్దాను. ముతక గరుకు కాగితం వాడకండి, ఉన్న గీటుకి తోడు మరో పది గీట్లు పడతాయి. దూది పుల్ల మళ్లీ తిప్పితే ఎక్కడా ఆగలేదు. బిగించి కుట్టాను. అంచు నుంచి అంచు దాకా ఒక్క గూడు లేదు. అత్తయ్య చప్పుడు విని, "నూనె వేశావు కదూ" అన్నారు. వేశాననే అన్నాను.

తర్వాత కొత్త కేసు కూడా తెప్పించి సొరుగులో పెట్టుకున్నాను. పదీ పదిహేను డాలర్లలో వస్తుంది. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి గానీ ఒకదానిది ఇంకోదానికి కూర్చోదు, మిషన్ అడుగున ఉన్న మోడల్ నంబరు చూసి కొనాలి. బట్టలు, కుట్టు సామాన్లు అమ్మే జోయాన్ దుకాణాలున్నప్పుడు ఫుట్‌లు, సూదుల్లాంటివి చేత్తో పట్టుకుని చూసి, కూపన్ పెట్టి కొనేదాన్ని. అవి 2025లో దేశమంతటా మూతపడ్డాయి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి తెప్పించుకోవడమే, సగంసార్లు సరిపడనిది వస్తుంది.

రోగం తెలిశాక పథ్యం సులువే. మిషన్ పక్కన ఎడమవైపు ఇస్త్రీ బల్లని అదే ఎత్తుకి లేపి పెడుతున్నాను. వేలాడే బొంత దాని మీద కూర్చుంటుంది, సూదిని లాగదు. ఈ ఏర్పాటుకి పైసా ఖర్చు లేదు, పెద్ద బొంత కుట్టేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే. రెండోది వాకింగ్ ఫుట్. మామూలు ఫుట్‌తో కింది పొరని పళ్లు లాగుతాయి, పై పొర వెనకబడుతుంది, చివరికొచ్చేసరికి బొంత ఒక పక్క ముడతలు. వాకింగ్ ఫుట్ పై నుంచి కూడా లాగుతుంది కాబట్టి పొరలన్నీ కలిసి నడుస్తాయి. కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్లు. అతుకులు నాలుగు కలిసేచోట పెడల్ వదిలేసి చక్రం చేత్తో తిప్పుతాను. జరీ అంచులు కుట్టుకి అడ్డం రానివ్వను, సూది మొన త్వరగా చెడుతుంది.

పువ్వులు, తీగలు తిప్పుతూ కుట్టే ఫ్రీ మోషన్ మాత్రం దీని మీద నాకు కుదరలేదు. పళ్లు కిందికి దిగవు, వాటి మీద మూయడానికి ఒక ప్లాస్టిక్ రేకు ఇచ్చాడు. ఆ రేకు ఎత్తుకి బొంత సరిగ్గా జరగదు. నాకు నిలువు గీతలు, అడ్డ గీతలే ఇష్టం కాబట్టి బెంగ లేదు. మన బొంతలు ఎప్పుడూ గీతలే కదా. ఇక్కడ అలబామాలో జీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి ఆడవాళ్లు పాత పని బట్టలతో కుట్టుకున్న బొంతల్ని 2002లో మా హ్యూస్టన్ మ్యూజియంలోనే ప్రదర్శించారు, 2006లో తపాలా బిళ్లలుగా కూడా వచ్చాయి. అమ్మ వాటి ఫోటోలు చూసి "ఇవి మన ఇంట్లో బొంతలే కదే" అంది.

పెద్దవి కుట్టడం వల్ల కాదనుకుంటే ఇంకో దారుంది. పైపొర మాత్రం ఇంట్లో అతికి, మిగతాది లాంగ్‌ఆర్మ్ (బొంతంతా పట్టే పొడవు చెయ్యి) మిషన్ ఉన్నవాళ్లకి ఇచ్చేయడం. చదరపు అంగుళానికి ఇంత అని తీసుకుంటారు. రెండు సెంట్లే అనుకున్నా, తొంభైకి వంద అంగుళాల బొంతకి 180 డాలర్లు, అంటే మిషన్ ధర దాటిపోయింది. ఆ లెక్క చూస్తే ఒక్క క్వీన్ సైజు బొంత ఇంట్లో కుట్టుకున్నా ఈ మిషన్ డబ్బులు వచ్చేసినట్టే. మా అమ్మాయి బొంతతో నాకు వచ్చేశాయి.

మరి కొనమంటానా? నాలాగా పిల్లలు పడుకున్నాక ఏడాదికి ఒకటో రెండో నూలు బొంతలు కుట్టుకునేవాళ్లయితే కొనుక్కోండి, స్పేర్ కేసు, వాకింగ్ ఫుట్ కూడా ఖర్చులో కలుపుకుని. డబ్బులకి కుట్టిచ్చేవాళ్లు, రోజూ మిషన్ ముందు కూర్చునేవాళ్లు దీని జోలికి రావద్దు. పట్టు చీరల బొంతల మాట నేను చెప్పలేను, నా దగ్గర ఉన్నవి నూలువి. పాతకాలపు లోహపు మిషన్ చవగ్గా దొరికి, బాగు చేసేవాళ్లు దగ్గర్లో ఉంటే నేనైతే ముందు అదే చూస్తాను. 1933లో వచ్చిన సింగర్ ఫెదర్‌వెయిట్‌ని బొంతలవాళ్లు ఇప్పటికీ వెతుక్కుని కొంటారు, కానీ అది తిన్నటి కుట్టు ఒక్కటే వేస్తుంది, జాగా దానికీ తక్కువే.

ఇంకొకటి, వెళ్లేటప్పుడు అత్తయ్య ఈ మిషన్ ఊరికి పట్టుకెళ్తానన్నారు, అదే బొమ్మ మిషన్‌ని. ఇక్కడివి 120 వోల్టులకి చేసినవి, అక్కడి 230కి నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కొని అవస్థ పడే బదులు అక్కడే కొనుక్కోవడం మేలని చెప్పి ఒప్పించాం. అక్కడ తీసుకునేవాళ్లు కూడా, బాబిన్ పైనుంచి వేసే రకమైతే, కొన్నరోజే ఇంకో కేసు దొరుకుతుందా అని షాపులో అడిగి తీసుకోండి.