పెరట్లో ఏది నాటాలి: షుగర్ మేపులా, రెడ్ మేపులా?

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు అక్టోబర్‌లో ఆకులు రాలేముందు మారే రంగులు చూశాక పెరట్లో ఒక మేపుల్ చెట్టు ఉంటే బాగుండుననుకుంటారు. నా ఓటు షుగర్ మేపుల్‌కే. అయితే ముందు మీ నేల ఒప్పుకోవాలి.

షుగర్ మేపుల్‌కి నీరు నిలవని సారవంతమైన నేల, విశాలమైన చోటు కావాలి. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు, గట్టిపడిన మట్టి, విపరీతమైన ఎండ దానికి పడవు. అందుకే రోడ్డు పక్కన వద్దు. రెడ్ మేపుల్ చిత్తడి నేలలో కూడా హాయిగా బతుకుతుంది, త్వరగా పెరుగుతుంది. ఫ్లోరిడా నుంచి కెనడా దాకా ఉంటుంది కాబట్టి దక్షిణాన అట్లాంటా వైపు ఉన్నవాళ్లు దాన్నే ఎంచుకోవడం మేలు.

రంగు దగ్గరికొస్తే, అడవిలో ముందుగా ఎర్రబడేది రెడ్ మేపులే. కానీ గింజ నుంచి వచ్చిన మొక్క పసుపుతోనే ఆగిపోవచ్చు. ఎరుపు కచ్చితంగా కావాలంటే ‘అక్టోబర్ గ్లోరీ’, ‘రెడ్ సన్‌సెట్’ లాంటి పేరున్న రకం అడగండి. షుగర్ మేపుల్‌లో ఒకే చెట్టు మీద పసుపు, నారింజ, ఎరుపు కలిసి కనిపిస్తాయి. ఆకుపచ్చ తగ్గగానే అప్పటిదాకా దాగున్న పసుపు బయటపడుతుంది. ఎరుపును మాత్రం ఆకు ఆ రోజుల్లోనే కొత్తగా తయారుచేసుకుంటుంది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న ఏడాది ఆ ఎరుపు బాగా తేలుతుంది. వెర్మాంట్ కొండల్లో ఆ మూడు రంగులూ కలిసి చూసినవాళ్లకి ఒట్టి ఎరుపు చాలదనే నేనంటాను.

ఇక సిరప్, అంటే మేపుల్ రసం కాచి చేసే తీపి పాకం. చలికాలం చివర్లో, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో, మానుకి చిన్న రంధ్రం పెట్టి రసం పడతారు. షుగర్ మేపుల్ రసంలో చక్కెర దాదాపు 2 శాతమే. చెరకు రసం కాచి బెల్లం వండినట్టే దీన్నీ కాచాలి. సుమారు 40 లీటర్ల రసానికి ఒక లీటరు సిరప్ వస్తుంది. యూరోపియన్లు రాకముందే అక్కడి ఆదివాసులైన అబెనాకి, అనిషినాబె ప్రజలకు ఈ పని తెలుసు. రెడ్ మేపుల్ రసం కూడా పనికొస్తుంది గానీ తీపి తక్కువ. పైగా మొగ్గలు ముందే ఉబ్బుతాయి, ఆ తర్వాత రుచి చెడుతుంది. రసం తీయడానికి మాను కనీసం 10 అంగుళాల మందం ఉండాలి. షుగర్ మేపుల్‌కి అది సుమారు 40 ఏళ్ల మాట, అంటే ఆ సిరప్ మీ పిల్లలకి.

కలపలోనూ షుగర్ మేపుల్‌దే పైచేయి. బాస్కెట్‌బాల్ కోర్టుల నేల ఎక్కువగా దాని గట్టి చెక్కతోనే వేస్తారు.

పక్కింట్లో గుర్రాలుంటే రెడ్ మేపుల్ వద్దు, దాని వడలిన ఆకులు వాటికి విషం. కొనేముందు ఆకు చూడండి: అంచు నున్నగా ఉంటే షుగర్, రంపపు పళ్లలా ఉంటే రెడ్. నున్నగా ఉన్నా కాడ తుంచితే పాలు కారిందంటే అది నార్వే మేపుల్, కొనకండి. స్థానిక అడవుల్లోకి చొరబడుతోందని మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్‌లలో దాని అమ్మకాన్నే నిషేధించారు.